తిరగని ఇంజిన్ తెచ్చిపెట్టిన ఉద్యోగం

కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఏదైనా లారీ మెకానిక్ షెడ్డు ముందు ఓసారి ఆగండి. తీసిపారేసిన పాత సామాన్ల కుప్పలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న బరువైన లోహపు ముద్ద ఒకటి కనిపించొచ్చు. దాని పేరు టర్బోచార్జర్. షెడ్డులో పనిచేసే అన్నకు అది పాత ఇనుము. మీరు మెకానికల్ చదివినవాళ్లైతే మాత్రం అందులో మూడొంతుల జెట్ ఇంజిన్ ఉంది.

ఎలాగంటారా? టర్బోచార్జర్‌లో ఒకే షాఫ్ట్‌కు రెండు చక్రాలుంటాయి. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతో పాటే తిరిగే రెండో చక్రం బయటి గాలిని లాగి, నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఇప్పుడు లారీ ఇంజిన్‌ను పక్కకు తీసి, ఆ స్థానంలో ఇంధనం మండే ఒక స్టీలు గొట్టం పెట్టారనుకోండి. నొక్కిన గాలి గొట్టంలోకి వస్తుంది, ఇంధనంతో కలిసి మండుతుంది, ఆ వేడి వాయువు టర్బైన్‌ను తిప్పి వెనక నుంచి దూసుకుపోతుంది. ప్రపంచంలో చాలామంది హాబీగా, ఇంటి వెనక షెడ్లలో చేసే బుల్లి జెట్ ఇంజిన్ల మూలసూత్రం ఇదే.

ఫైనల్ ఇయర్‌లో ఇలాంటిది చేయాలని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. వెంటనే ఇంకో ఆలోచనా వచ్చి ఉంటుంది. పనిచేయకపోతే? మార్కులు పోతే? ఇంటర్వ్యూలో ఏం చూపిస్తాం? ఆ భయంతోనే చాలామంది హైదరాబాద్ వెళ్లి డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకుంటారు. మీరూ ఆ దారి పట్టేముందు ఒక జర్మన్ కుర్రాడి కథ వినండి. 24 ఏళ్ల వయసులో అతను ఒక మోడల్ జెట్ ఇంజిన్ చేయించాడు. అది తనంతట తాను ఒక్కసారి కూడా నడవలేదు. అయినా అతనికి ఉద్యోగం తెచ్చిపెట్టింది. మూడేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో మొదటి టర్బోజెట్ విమానాన్ని ఆకాశంలోకి లేపింది. అతని పేరు హాన్స్ ఫాన్ ఒహైన్.

చప్పుడు నచ్చక పుట్టిన ఆలోచన

ఒహైన్ 1911 డిసెంబరు 14న జర్మనీలోని డెసావ్‌లో పుట్టాడు. అతను మెకానికల్ ఇంజినీర్ కాదు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చదివి, 1935లో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ థీసిస్‌కూ, ఇంజిన్లకూ సంబంధమే లేదు. అంటే ఈ రోజుల్లో మనవాళ్లు వాడే మాటల్లో చెప్పాలంటే, అతని బ్రాంచి వేరు.

మరి ఇంజిన్ మీదికి మనసెందుకు మళ్లింది? 1930ల మొదట్లో విమానం ఎక్కినప్పుడు పిస్టన్ ఇంజిన్ల చప్పుడు, వణుకు అతనికి అస్సలు నచ్చలేదు. గాల్లో తేలిపోవాల్సిన యంత్రం ఇంత మొరటుగా ఉండటమేంటి అనిపించింది. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. గాలిని లాగడం, నొక్కడం, మండించడం, బయటికి తోయడం, ఈ నాలుగూ ఒకే సిలిండర్‌లో ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. అదే నాలుగు పనులు నాలుగు వేర్వేరు చోట్ల ఆగకుండా జరిగితే కొట్టుకోవడమే ఉండదు కదా! 1933 నాటికి ఈ ఆలోచన అతని బుర్రలో స్థిరపడింది.

మీకు ఇది కొత్తేం కాదు. థర్మల్ ఇంజినీరింగ్‌లో బ్రేటన్ సైకిల్ అని మీరు బట్టీ పట్టింది ఇదే. టర్బైన్ కూడా మనవాళ్లకు తెలిసిందే. జూరాలలో కృష్ణా నీళ్లు తిప్పేది టర్బైన్‌నే. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలోనూ అంతే. అక్కడ నీళ్లు, ఇక్కడ మండుతున్న గాలి. తేడా ఇంకొకటుంది. జూరాల టర్బైన్‌కు నీళ్లను ప్రకృతి ఇస్తుంది. జెట్ ఇంజిన్ టర్బైన్ మాత్రం తనకు కావాల్సిన గాలిని నొక్కే కంప్రెసర్‌ను తానే తిప్పుకోవాలి. ఆ పని చేయగా మిగిలిన శక్తే విమానాన్ని ముందుకు తోస్తుంది. కంప్రెసర్, టర్బైన్ రెండూ సరిగ్గా పనిచేయకపోతే మిగిలేది సున్నా. అప్పటివరకు గ్యాస్ టర్బైన్ల మీద పనిచేసిన చాలామంది దెబ్బతిన్నది ఇక్కడే.

కారు మెకానిక్ దగ్గరికి డాక్టరేట్

ఒహైన్ దగ్గర లెక్కలున్నాయి. వస్తువు లేదు. లేత్ మెషీన్ మీద పని రాదు, రేకు వంచడం రాదు. అప్పుడు అతను వెళ్లింది పెద్ద ఫ్యాక్టరీకి కాదు. తన కారు రిపేరు చేయించుకునే గ్యారేజీకి. అక్కడ మాక్స్ హాన్ అనే మెకానిక్ ఉన్నాడు. ఒహైన్ తన బొమ్మలు చూపించాడు. మాక్స్ వాటిని చూసి, ఇలా చేస్తే తయారుచేయడం కష్టం, ఇలా మార్చుకుంటే సులువు అని సవరణలు చెప్పాడు. ఖర్చు సుమారు 1,000 మార్కులు అవుతుందన్నాడు. ఒహైన్ సొంత డబ్బు పెట్టాడు.

ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగుదాం. మనలో ఒక జబ్బుంది. బీటెక్ చేసినవాడు ఐటీఐ చేసినవాడి దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడతాడు. ఐటీఐ చేసినవాడు తన చేతి పనికి విలువే లేదనుకుంటాడు. జెట్ ఇంజిన్ చరిత్రలో ఈ ఇద్దరూ ఒక గ్యారేజీలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరు లేకపోతే రెండోవారి పని కాగితం మీదో, రేకుల కుప్పగానో మిగిలిపోయేది.

మోడల్ తయారైంది. దాన్ని యూనివర్సిటీకి తీసుకెళ్లారు. ఒహైన్ ప్రొఫెసర్ రాబర్ట్ పోల్ పరీక్షలకు చోటిచ్చాడు, పరికరాలిచ్చాడు. ఒక ఎలక్ట్రిక్ మోటారుతో షాఫ్ట్‌ను తిప్పడం మొదలుపెట్టి, పెట్రోలు వదిలి అంటించారు. మంటలు లోపల ఉండాల్సింది పోయి టర్బైన్ దాటి వెనక నుంచి బయటికి తన్నుకొచ్చాయి. మోటారు తీసేస్తే ఇంజిన్ ఆగిపోతోంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే కథ.

మన కాలేజీలో అయితే దీన్ని ప్రాజెక్టు ఫెయిల్ అంటాం. వైవాలో తలదించుకుంటాం.

ఫెయిలైనా ఏం చూశాడు?

ఒహైన్ రెండు విషయాలు గమనించాడు. ఒకటి, మంటలు ఎందుకు బయటికొస్తున్నాయి అన్నది. పెట్రోలు ఆవిరై, గాలితో కలిసి, పూర్తిగా మండటానికి కొంత సమయం, కొంత చోటు కావాలి. తన మోడల్‌లో ఆ చోటు చాలడం లేదు. గాలి వేగంగా దూసుకుపోతుంటే ఇంధనం లోపల మండే తీరిక లేక బయటికొచ్చి మండుతోంది. రెండోది ఇంకా ముఖ్యం. మంట అంటుకున్నప్పుడు ఎలక్ట్రిక్ మోటారు మీద భారం బాగా తగ్గుతోంది. అంటే టర్బైన్ కొంత పని చేస్తోంది! పూర్తిగా నిలదొక్కుకునేంత లేదు, అంతే. సూత్రం తప్పు కాదు, మండించే పద్ధతి తప్పు.

ప్రొఫెసర్ పోల్‌కు ఇది అర్థమైంది. ఈ పని యూనివర్సిటీ స్థాయిలో, సొంత జేబుతో అయ్యేది కాదని, దీనికి ఒక కంపెనీ అండ కావాలని చెప్పాడు. కొత్త ఆలోచనలంటే ఇష్టపడే విమాన తయారీదారు ఎర్నెస్ట్ హైంకెల్‌కు ఒహైన్ గురించి లేఖ రాశాడు. 1936 మార్చిలో ఒహైన్‌కు పిలుపొచ్చింది. హైంకెల్ తన ఇంజినీర్లందరినీ కూర్చోబెట్టి ఈ కుర్రాడిని గంటల తరబడి ప్రశ్నలడిగించాడు.

ఆ గదిలో అతని పరిస్థితి ఊహించుకోండి. ఎదురుగా విమానాలు తయారుచేసిన అనుభవజ్ఞులు. తన దగ్గర ఉన్నది నడవని మోడల్ ఒక్కటే. కానీ అది ఎందుకు నడవలేదో ప్రపంచంలో అందరికంటే అతనికే బాగా తెలుసు. చేయనివాడికి ఆ జవాబులు రావు. అదే ఏప్రిల్‌లో హైంకెల్ అతన్ని ఉద్యోగంలోకి తీసుకున్నాడు. అతనితో పాటు మెకానిక్ మాక్స్ హాన్‌ను కూడా!

పెద్ద సమస్యను రెండుగా కోశాడు

ఉద్యోగంలో చేరాక ఒహైన్ చేసిన మొదటి పని మీ నోట్‌బుక్‌లో రాసుకోదగ్గది. కంపెనీకి తొందరగా ఫలితం కావాలి. పెట్రోలును సరిగ్గా మండించే చాంబర్ చేయడానికేమో చాలా కాలం పడుతుంది. అందుకే అతను సమస్యను రెండుగా విడగొట్టాడు. ముందు హైడ్రోజన్ వాయువుతో నడిచే ఇంజిన్ చేశాడు. హైడ్రోజన్ చాలా సులువుగా, వేగంగా మండుతుంది. కాబట్టి మంట గొడవ పక్కకు పోయి కంప్రెసర్, టర్బైన్ బాగున్నాయో లేదో తేలిపోతుంది. 1937లో అది నడిచింది. హైంకెల్‌కు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం ఇచ్చిన గడువులో ద్రవ ఇంధనపు చాంబర్ మీద పనిచేశారు. ఈసారి చోటు సమస్యకు దారి చూపింది మాక్స్. కంప్రెసర్ చక్రం ముందున్న ఖాళీ జాగాను మండించడానికి వాడుకోవచ్చని అతను సూచించాడు.

1939 ఆగస్టు 27న రోస్టాక్ దగ్గర ఎరిక్ వార్సిట్జ్ అనే పైలట్ హైంకెల్ హెచ్‌ఈ 178 అనే చిన్న విమానాన్ని నడిపాడు. దానికి ప్రొపెల్లర్ లేదు. సుమారు 450 కిలోల థ్రస్ట్ ఇచ్చే ఒహైన్ ఇంజిన్ ఒక్కటే దాన్ని గాల్లోకి లేపింది. టర్బోజెట్‌తో ఎగిరిన మొదటి విమానం అది. అప్పటికి ఒహైన్ వయసు 27.

సముద్రం అవతల ఇంకొకడు

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ విటిల్ అనే వాయుసేన అధికారి ఇదే ఇంజిన్ కోసం విడిగా తంటాలు పడుతున్నాడు. నిజానికి ఆలోచన అతనిదే ముందు. 1930 జనవరిలోనే పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. ఎత్తు చాలదని మొదట వాయుసేన అతన్ని వెనక్కి పంపింది. పట్టుబట్టి మళ్లీ దరఖాస్తు చేసి అప్రెంటిస్‌గా చేరాడు. అక్కడ అతను చేసిన మోడల్ విమానాలు పైఅధికారుల కంటపడ్డాయి. అలా ఆఫీసర్ శిక్షణకు, అక్కడి నుంచి కేంబ్రిడ్జ్‌కు వెళ్లాడు. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్‌కు, ఈసెట్ రాసి బీటెక్‌కు వెళ్లే మన విద్యార్థుల దారి లాంటిదే అతనిదీ.

కానీ పేటెంట్‌ను 1935లో రెన్యువల్ చేయాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వ శాఖ ఆ ఐదు పౌండ్లు కట్టనంది. విటిల్ దగ్గరా డబ్బుల్లేవు. పేటెంట్ పోయింది. 1937 ఏప్రిల్ 12న అతని ఇంజిన్ మొదటిసారి నడిచినప్పుడు ఇంకో వింత. ఇంధనం ఆపేసినా వేగం పెరుగుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు పరుగు లంకించుకున్నారు. లోపల ఎక్కడో చేరిన ఇంధనం మండుతోందని తర్వాత తేలింది. అతని ఇంజిన్‌తో విమానం ఎగిరింది 1941 మే 15న, ఒహైన్ తర్వాత దాదాపు 20 నెలలకు.

ఆలోచనలో ముందున్నది విటిల్. ఎగరడంలో ముందున్నది ఒహైన్. ఇద్దరికీ మధ్య తేడా తెలివిలో లేదు. సరైన సమయంలో ఒక మెకానిక్, ఒక ప్రొఫెసర్, ఒక యజమాని దొరకడంలో ఉంది. అయితే వాళ్లు దొరకాలంటే చూపించడానికి ఏదో ఒక వస్తువు ఉండాలి. ఒహైన్ దగ్గర అది ఉంది.

చెప్పుకోవాల్సిన చీకటి కోణం

ఒహైన్ జీవితం పూలబాట అనుకోకండి. విమానం ఎగిరిన ఐదో రోజునే, సెప్టెంబరు 1న, జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అతను పనిచేసింది నాజీల పాలనలో, యుద్ధ విమానాల కంపెనీలో. ఆ యుద్ధంలో హైంకెల్ ఫ్యాక్టరీల్లో నిర్బంధ శిబిరాల ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించారు. మనం ఎంత గొప్ప యంత్రం చేసినా అది ఎవరి చేతుల్లోకి పోతుందన్నది కూడా మన కెరియర్‌లో భాగమే. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు జీతంతో పాటు ఆ ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఇంకో సంగతి. మొదటి జెట్ ఎగరేసిన ఒహైన్ ఇంజిన్లు యుద్ధంలో పెద్దగా వాడకంలోకి రాలేదు. జర్మన్ జెట్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 262కు బిగించింది జుంకర్స్ కంపెనీ ఇంజిన్లను. అంటే మొదట చేసినవాడే చివరిదాకా ముందుంటాడన్న గ్యారంటీ లేదు.

యుద్ధం ముగిశాక 1947లో అమెరికా అతన్ని తీసుకెళ్లింది. ఒహైయోలోని రైట్ ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో పరిశోధకుడిగా మొదలుపెట్టి, అక్కడి ప్రయోగశాలలకు చీఫ్ సైంటిస్ట్ అయ్యాడు. 1979లో రిటైరయ్యాక డేటన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఒకప్పుడు శత్రుదేశాల్లో ఉన్న విటిల్, ఒహైన్ తర్వాత కలుసుకుని స్నేహితులయ్యారు. 1991లో ఇంజినీరింగ్‌లో అత్యున్నతమైన వాటిలో ఒకటైన డ్రేపర్ ప్రైజ్‌ను ఇద్దరికీ కలిపి ఇచ్చారు. విటిల్ 1996లో, ఒహైన్ 1998 మార్చి 13న కన్నుమూశారు.

ఇప్పుడు మీ సంగతి

ఒకప్పుడు దేశాలు కోట్లు పోసిన ఇంజిన్ ఇప్పుడు హాబీ స్థాయికి వచ్చేసింది. జర్మనీకే చెందిన కుర్ట్ ష్రెక్లింగ్ అనే హాబీ ఇంజినీర్ మోడల్ విమానాల కోసం బుల్లి జెట్ ఇంజిన్ చేసి, దాని కంప్రెసర్ చక్రాన్ని ప్లైవుడ్‌తో తయారుచేసి కార్బన్ ఫైబర్ చుట్టాడు. చెక్కతో జెట్ ఇంజిన్! చేయాలనుకుంటే దారులుంటాయి.

మీరు టర్బోచార్జర్‌తో మొదలుపెట్టాలనుకుంటే ఒహైన్ పద్ధతినే పట్టుకోండి. పనిని ముక్కలు చేయండి. మొదటి ముక్కలో మంటే వద్దు. బ్లోయర్ గాలితో టర్బోను తిప్పండి. కంప్రెసర్ ఎంత ఒత్తిడి ఇస్తోందో పారదర్శక గొట్టంలో రంగు నీళ్లు పోసి మానోమీటర్‌తో కొలవండి. బేరింగులకు ఆయిల్ సరిగ్గా అందుతోందా చూడండి. రెండో ముక్కలో టర్బో లేకుండా, కంబశ్చన్ చాంబర్‌ను మాత్రమే ఆరుబయట, లెక్చరర్ సమక్షంలో పరీక్షించండి. మంట గొట్టం లోపలే నిలుస్తోందా, బయటికొస్తోందా? థర్మోకపుల్ పెట్టి వేడి రాసుకోండి. చాలామంది విద్యార్థులకు ఈ రెండు ముక్కలే ఒక మంచి ప్రాజెక్టు. రెండింటినీ కలపడం వర్క్‌షాప్ అనుమతి, అనుభవమున్న మనిషి తోడు లేకుండా చేయకండి. ఇలాంటి చక్రాలు నిమిషానికి లక్ష సార్లు కూడా తిరుగుతాయి. విరిగితే ముక్కలు బుల్లెట్లలా వస్తాయి. ఇంధనం ఆపినా ఆగని విటిల్ ఇంజిన్‌ను గుర్తుంచుకోండి. ఇంట్లో, హాస్టల్ గదిలో, గ్యాస్ సిలిండర్ పక్కన నిలబడి చేసే పని ఇది కానే కాదు.

ప్రతి పరీక్షకూ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు జరిగి ఉంటుంది, తర్వాత ఏం మారుస్తాం. ఈ నాలుగు గడులు చాలు. రేపు ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు కొనుక్కొచ్చినవాడు రెండో ప్రశ్నకే ఆగిపోతాడు. ఆ నోట్‌బుక్ ఉన్నవాడు అరగంట మాట్లాడగలడు, అదీ తన మాటల్లో.

ఈ రంగం మనకు దూరమేం కాదు. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్, అత్యంత వేడిని తట్టుకునే సింగిల్ క్రిస్టల్ టర్బైన్ బ్లేడ్లను తయారుచేసి 2021లో 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్‌ఏఎల్‌కు అందించింది. బెంగళూరులోని జీటీఆర్‌ఈ పనే గ్యాస్ టర్బైన్లు. మీరు చదివే చోటు నుంచి బెంగళూరుకు వెళ్లేది కూడా ఆ షెడ్లున్న హైవేనే. డిప్లొమా, డిగ్రీ పూర్తిచేసినవాళ్లు జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఇలాంటి సంస్థల ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. ఐటీఐ వాళ్లకూ అప్రెంటిస్ అవకాశాలుంటాయి. విటిల్ మొదలైంది అప్రెంటిస్‌గానే, మాక్స్ మొదలైంది గ్యారేజీలోనే.

వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివినా, గద్వాలలో డిగ్రీ చేసినా, నాగర్‌కర్నూల్‌లో గది అద్దెకు తీసుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నా, ఒక్క ఆదివారం ఖాళీ చేసుకోండి. మీ ఊరి దగ్గర్లో చేయి తిరిగిన మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లండి. పాత టర్బో ఒకటి విప్పి చూపించమని అడగండి. చేతులకు నూనె అంటనివ్వండి. ఆ రోజు ఇంటికొచ్చాక నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీ వేసి, మీకు అర్థం కాని మూడు విషయాలు రాయండి. మీ ప్రాజెక్టు అక్కడ మొదలైనట్టే.